గౌసియా బేగం నేర్చిన ఒక్క ఫిన్నిష్ మాట

సూర్యాపేట బస్టాండు వెనక బడిలో గౌసియా బేగం యూకేజీకి పాఠం చెబుతుంటే, గోడ అవతల ఒకటో తరగతి పిల్లలకు పాత పాఠాలన్నీ మళ్ళీ గుర్తొచ్చేవట. గొంతు అలాంటిది. యాభై ఎనిమిది మంది పిల్లలు, ఒక బ్లాక్‌బోర్డు, ఒక ఫ్యాను. ఫ్యాను ఆగినా పాఠం ఆగేది కాదు. అలాంటి మనిషిని జర్మనీకి తీసుకొచ్చి, పన్నెండు మంది పిల్లలకు ముగ్గురు పెద్దవాళ్ళున్న చోట కూర్చోబెట్టి, నెమ్మదిగా మాట్లాడమ్మా అంటే ఎలా ఉంటుంది? మొదటి నెలంతా ఆమెకు చేతులు కట్టేసినట్టే ఉండేది.

ఆ చోటు పేరు కీటా. బడి ఈడు రాని పిల్లలు పగలంతా ఉండే ఇల్లు. జార్‌బ్రూకెన్ ఊళ్ళో, జార్ నదికి రెండు వీధుల ఇవతల, పసుపు గోడల పాత మేడలో ఉందది. గౌసియా ఊరికే వెళ్ళి అక్కడ కూర్చోలేదు. భర్త అజీజ్ ఈ ఊరి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు చదివి, ఇక్కడే సాఫ్ట్‌వేర్లలో తప్పులు పట్టే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆమె మాత్రం సూర్యాపేటలో ఏడేళ్ళు పిల్లలకు చెప్పిన చదువంతా ఇక్కడ చెల్లదంటే, ముప్ఫై రెండేళ్ళ వయసులో జర్మన్ అక్షరాలు దిద్దుకుంది. ఆ తర్వాత మూడేళ్ళు, తనకంటే పన్నెండేళ్ళు చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని, పిల్లల్ని ఎలా పెంచాలో పరీక్షలు రాసింది. అప్పటికే ఇంట్లో ఒక పిల్లను పెంచుతోందన్న సంగతి ఆ పరీక్షల వాళ్ళకు పట్టలేదు.

గౌసియా నాన్నది బస్టాండు దగ్గర పంక్చర్ల దుకాణం. ఇంట్లో ఉర్దూ, వీధిలోనూ బడిలోనూ తెలుగు. కూతురు ఇల్మాకి పదకొండేళ్ళు. తల్లి తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తుంది, తండ్రి ఉర్దూలో అడిగినా అంతే. గౌసియా పట్టు వదలదు, తెలుగులోనే అడుగుతూ ఉంటుంది.

కీటాలో పెద్ద దిక్కు ఫ్రౌ షోర్, అంటే షోర్ మేడం. అరవై దగ్గర పడిన మనిషి, పొట్టి జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. ఆ ఏడాది సెప్టెంబరులో ఆవిడ గౌసియాని గదిలోకి పిలిచి, ఈసారి వచ్చే కొత్త పిల్లను పూర్తిగా నీకే అప్పగిస్తున్నానని చెప్పింది. చిన్న మాటేం కాదది. ఇక్కడ కొత్త పిల్లను గుమ్మంలో దించేసి వెళ్ళిపోరు. ఐన్‌గెవ్యోనుంగ్ అని ఒక పద్ధతి ఉంది, అంటే అలవాటు చేయడం. మొదటి మూడు రోజులు తల్లో తండ్రో గదిలోనే కూర్చుంటారు. నాలుగో రోజు పది నిమిషాలు బయటికి వెళ్ళి వస్తారు. పిల్ల తట్టుకుంటే అరగంట, ఆపైన గంట. ఈ వారాలన్నీ ఆ పిల్లకు కీటాలో ఒకే మనిషి. ఆ మనిషి చేయి పట్టుకునే దాకా పిల్ల కుదురుకున్నట్టు కాదు. తన చేతుల మీదుగా ఒక్క పిల్లనైనా కుదిర్చితేగానీ గౌసియాని పూర్తి టీచరుగా లెక్కలోకి తీసుకోరు.

వచ్చిన పిల్ల పేరు ఐలి. రెండున్నరేళ్ళు. ఫిన్లండ్ పిల్ల. జర్మన్ ఒక్క ముక్క రాదు. తండ్రి ఆంటెరోకి యూనివర్సిటీలో పరిశోధన ఉద్యోగం వచ్చింది, నవంబరు మొదటి సోమవారం చేరాలి. తల్లి ఊలు అనే వాళ్ళ ఊళ్ళో డాక్టరు చదువు పూర్తిచేస్తోంది, వసంతం దాకా రాలేదు. ఐలి చేతిలో ఎప్పుడూ తండ్రిది ఒక ఉన్ని చేతితొడుగు ఉండేది. బూడిదరంగుది, ఎడమచేతిది, ఆమె తలంత ఉంటుంది. అన్నం తింటున్నా, బొమ్మ పట్టుకున్నా, నిద్రపోతున్నా, అది వదలదు.

ఆ కీటాలో ఇంకో ఆచారం ఉంది. జర్మన్ రాని పిల్ల వస్తే, ఆ పిల్ల భాషలో పది మాటలు ఇంటివాళ్ళనడిగి, కాగితం మీద రాసి, అల్మారా తలుపు లోపలి వైపు అంటిస్తారు. నీళ్ళు, నిద్ర, అమ్మ, నొప్పి లాంటివి. గౌసియా కాగితం, పెన్ను తీసుకుని ఆంటెరో ముందు కూర్చుంది. ఆయన ఆరడుగుల పైన మనిషి. పిల్లల కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఆయన ఒక మాటకూ మరో మాటకూ మధ్య మనం టీ పెట్టుకుని తాగి రావచ్చు. చాలాసేపు ఆలోచించి, నీళ్ళకూ నిద్రకూ సైగలు చాలు, పది మాటలు ఎందుకు, ఒక క్రియ ఇస్తాను, అది పది పనులు చేస్తుంది, అన్నాడు. కాగితం మీద రాశాడు. గౌసియా దాని కింద తెలుగులో రాసుకుంది: పిత్యా.

తోటలోకి దిగే మూడు మెట్ల దగ్గర ఆ క్రియ మొదటిసారి పనిలోకి దిగింది. ఆంటెరో "పిద్య కీన్ని" అన్నాడు, ఐలి మెట్ల పక్క కమ్మీని గట్టిగా పట్టుకుంది. పట్టుకోవడమన్న మాట, చెయ్యమని చెప్పేటప్పుడు పిత్యా కాస్తా పిద్య అవుతుంది అని గౌసియా రాసుకుంది. కాసేపటికి పిల్ల టోపీ పీకేయబోతే, దాన్ని తల మీదే ఉంచుకోమనడానికీ అదే క్రియ వచ్చింది. చలి పెరిగాక, ఇంక లోపలికి వెళ్ళాలి అనడానికీ అదే. భోజనం దగ్గర, ఐలికి బంగాళాదుంపలంటే ఇష్టం అని చెప్పడానికీ అదే. అయితే ఇష్టానికి పిల్లలు వేరే మాట వాడతారనీ, ఇది కాస్త పెద్దవాళ్ళ మాటనీ ఆంటెరో నిజాయితీగా చెప్పాడు. పుట్టినరోజు పండగ చేయాలన్నా, ఎవరి మీదైనా ఒక కన్నేసి ఉంచాలన్నా, అన్నింటికీ ఆ ఒక్కటే. మూడు రోజుల్లో గౌసియా నోట్‌బుక్‌లో పేజీ నిండిపోయింది. పేజీ చివర ఆంటెరో ఇంకో అర్థం రాసి, ఇది మాట నిలబెట్టుకోవడం, పిల్లలతో దీని అవసరం పెద్దగా రాదు, ఉండనీ, అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అజీజ్ ఆ పేజీ చూసి నవ్వాడు. పట్టుకోవడానికీ, ఇష్టపడటానికీ, వెళ్ళాల్సి రావడానికీ ఒకే మాటైతే ఆ దేశంలో జనం ఎట్లా బతుకుతున్నరని అడిగాడు. గౌసియాకి పౌరుషం వచ్చింది. అప్పటికి ఆ మాట తనదైపోయింది మరి.

"మన పట్టు సంగతేంది?" అంది. "పిల్లకు పాలు పడ్తం, పుస్తకం బట్టీ పడ్తం, బస్సు పట్టుకుంటం. నిద్ర పడ్తది, తుప్పు పడ్తది, పది నిమిషాలు పడ్తది. మనం బతుకుతలేమా?"

తప్పులు పట్టడం తన ఉద్యోగమే కాబట్టి, దాన్నీ జాబితాలో చేర్చమన్నాడు అజీజ్. గౌసియా మాత్రం వంట చేస్తూ చాలాసేపు ఆలోచించింది. పట్టుకోవడానికీ ఇష్టపడటానికీ ఒకే మాట ఉండటం ఆమెకు వింతగా అనిపించలేదు. మన దగ్గర కూడా ఎవరినైనా పట్టించుకున్నారంటే ప్రేమ ఉన్నట్టే కదా అనుకుంది.

ఆ రాత్రి దాకా అంతా బాగానే ఉంది. మర్నాడు నాలుగో రోజు. ఆంటెరో కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వెళ్ళాలని చెప్పి, లేచి, తలుపు దాకా నడిచాడు. ఐలి ఏడుపు అందుకుంది. మామూలు ఏడుపు కాదు, ఊపిరి తిరగనంత ఏడుపు. రెండు నిమిషాలకే ఆయన్ను వెనక్కి పిలవాల్సి వచ్చింది. అయిదో రోజూ అంతే, ఆరో రోజూ అంతే. గౌసియా దగ్గరికి పిల్ల రాదని కాదు. తండ్రి బెంచీ మీద ఉన్నంతసేపూ గౌసియా చేయి పట్టుకుని గదంతా తిరిగేది. బొమ్మలు తెచ్చి "పిద్య" అని ఆమె ఒళ్ళో పడేసేది, పట్టుకో అని. తండ్రి బెంచీ మీంచి లేస్తే మాత్రం లోకం మునిగిపోయినట్టే. ఫ్రౌ షోర్ చూసి, నిదానంగా కానివ్వు, ఏడ్చినా సరే, చెప్పి వెళ్ళడం మాత్రం మానొద్దు అంది.

నిదానం గౌసియాకి పుట్టుకతో రాలేదు. రెండు వారాలు గడిచాయి. మూడో బుధవారం ఫ్రౌ షోర్‌కి జ్వరమొచ్చి రాలేదు. ఆ రోజు గౌసియా, సూర్యాపేటలో తన తల్లి, తన తల్లికి తల్లి, వీధిలో ప్రతి ఇంట్లో ప్రతి ఆడమనిషీ చేసే పని చేసింది. ఆంటెరోని పక్కకు పిలిచి, చెప్పి వెళ్తేనే ఏడుస్తోంది, చెప్పకుండా వెళ్ళండి, నేను చూసుకుంటాను, అంది. ఆయన టీ కాచుకునేంత సేపు ఆగి, చెప్పకుండానా, అని అడిగాడు. మా వైపు అందరం ఇలాగే చేస్తాం, పిల్లలు రెండు నిమిషాల్లో మర్చిపోతారు, అని గౌసియా ధైర్యం చెప్పింది. ఇన్ని వేలమందిని పెంచిన పద్ధతి తప్పెలా అవుతుందని ఆమె నమ్మకం. ఐలిని చంకనేసుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చెత్తడబ్బా మీద వాలిన కాకిని చూపించింది. ఐలి కాకిని చూసి నవ్వింది. వెనక ఆంటెరో బూట్లు చేతిలో పట్టుకుని, మేజోళ్ళతోనే జారుకున్నాడు.

కాకి ఎగిరిపోయింది. ఐలి తిరిగి చూసింది. బెంచీ ఖాళీ. గౌసియా చేతుల్లోంచి దిగి, బెంచీ దగ్గరికి వెళ్ళి, కిందికి వంగి చూసింది. తలుపు దగ్గరికి వెళ్ళింది. ఏడవలేదు. తొడుగును రెండు చేతులతో పొట్టకు అదుముకుని, గదికి వీపు పెట్టి, తలుపు ముందు కూర్చుంది. తండ్రి తిరిగొచ్చేదాకా, ఇరవై నిమిషాలు అట్లాగే కూర్చుంది. గౌసియా పక్కన కూర్చుని నీళ్ళిస్తే తాగలేదు, పేరు పెట్టి పిలిస్తే తిరగలేదు. పిల్ల ఏడవలేదు చూశావా, మన పద్ధతే పనికొచ్చింది, అని పక్క టీచరు దగ్గర అనబోయి గౌసియా ఆగిపోయింది. యాభై ఎనిమిది మంది పిల్లల్ని చూసిన కళ్ళు అవి. ఏడవని పిల్లంటే ఆమెకు భయం.

మర్నాటి నుంచి మొదటికే మోసం వచ్చింది. ఐలి తండ్రి ప్యాంటును పిడికిలితో పట్టుకుని వదల్లేదు. గౌసియా కిటికీ వైపు ఏదైనా చూపిస్తే, కిటికీ వైపు కాక గిరుక్కున తండ్రి వైపు చూసేది. గౌసియా చేయి చాచి తన ఒక్క మాట అంటే, చేతులు రెండూ వెనక్కి దాచుకునేది. శుక్రవారం మధ్యాహ్నం ఆంటెరో కోపమేమీ లేకుండానే చెప్పాడు. పది రోజుల్లో కుదురుకోకపోతే పిల్లను తీసుకుని ఊలు వెళ్ళిపోతానన్నాడు. ఉద్యోగం ఇంకొకరికి ఇస్తారు, ఏం చేస్తాం, అన్నాడు. అంత నెమ్మదస్తుడు తిడితేనే బాగుండేదని గౌసియాకి అనిపించింది.

ఆ సాయంత్రం వంటింట్లో పప్పులో చింతపండు పిసుకుతూ, పక్క బల్ల మీద లెక్కలు చేసుకుంటున్న ఇల్మాకి జరిగిందంతా చెప్పింది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఆమెకు అన్నం సయించదు. ఇల్మా తలెత్తకుండానే విని, జర్మన్‌లో, నాకు చేసినట్టే, అంది. గౌసియాకి అర్థం కాలేదు. ఏం చేసిన బిడ్డా నీకు, అని అడిగింది.

"మేకలు," అంది ఇల్మా ఈసారి తెలుగులో. "నానీ మేకలు చూపించింది. నువ్వు కారెక్కినవు. నానీయే చెప్పింది, మస్తు నవ్వుకుంట."

గౌసియా చేతులు పప్పు గిన్నెలోనే ఉండిపోయాయి. నిజమే. ఇల్మాకి అప్పుడు పద్నాలుగు నెలలు. అజీజ్‌కి ఇక్కడ దొరికింది ఒక్క గది, అందులోకి పిల్లను తేకూడదన్నారు. ఇల్లు వెతుక్కున్నాక పిల్లను తెచ్చుకుందామని గౌసియా ముందొచ్చింది. బయల్దేరిన రోజు ఇల్మా నానీ, అంటే తన తల్లి, పిల్ల ఏడిస్తే నువ్వు పోలేవు అని, ఇల్మాని పక్క సందులో మేకల దగ్గరికి తీసుకెళ్ళింది. ఏడు నెలల తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో ఇల్మా తల్లి దగ్గరికి రాలేదు. నానీ పాత దుపట్టా ముక్క ఒకటి పట్టుకుని, పదిహేను రోజులు దాన్ని పట్టుకునే పడుకుంది. పిల్ల కదా, మర్చిపోయిందని అందరూ అన్నారు. గౌసియా కూడా అట్లాగే నమ్మింది.

ఇల్మా మళ్ళీ లెక్కల్లో పడింది. దానికి కోపం లేదు, జ్ఞాపకమూ లేదు. గౌసియాకి మాత్రం ఒక సంగతి తట్టింది. రోజూ ఉదయం తను పనికి బయల్దేరేటప్పుడు ఇల్మా ఎక్కడున్నా తలుపు దగ్గరికి వస్తుంది. నోట్లో బ్రష్షు ఉన్నా వస్తుంది, ఒక కాలికే మేజోడు ఉన్నా వస్తుంది. తల్లి చెప్పులు వేసుకుని మెట్లు దిగేదాకా చూసి లోపలికి పోతుంది. నా బిడ్డకు నేనంటే ఎంత పానమో అని గౌసియా ఇన్నేళ్ళుగా చుట్టుపక్కల అందరికీ గొప్పగా చెప్పుకుంటోంది. పానమే. ఆ పానంలో మేకలు కూడా ఉన్నాయని ఆమెకు తెలియలేదు.

తమాషా ఏమిటంటే, సూర్యాపేటలో ఇల్లు వదిలే మనిషి పోతున్న అననే అనడు. అపశకునం. పోయొస్త అంటాడు. ఎంత దగ్గరికి పోయినా పోయొస్త. తిరిగొస్తామన్న మాట ముందుగా ఇచ్చి మరీ గడప దాటే జనం, ఆ మాట చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పకుండా కాకుల్నీ మేకల్నీ చూపిస్తారు. ఆ మనిషి చిన్నదని.

సోమవారం ఫ్రౌ షోర్ రాగానే, చల్లకొచ్చి ముంత దాచడమెందుకని, గౌసియా తనే వెళ్ళి కాకి సంగతి చెప్పేసింది. పూర్తి టీచరు ఉద్యోగం అక్కడికక్కడే పోతుందనుకుని, బ్యాగు కూడా భుజానికే ఉంచుకుంది. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఐ యో," అని ఒక నిట్టూర్పు విడిచింది. ఈ వైపు మనుషులు అన్నింటికీ అనే మాటది. తర్వాత మెల్లగా అంది.

"తండ్రి చెప్పి వెళ్తే ఆ పిల్ల ఏడ్చేది, మర్నాటికి మర్చిపోయేది. నువ్వు దాని కళ్ళు కప్పావు. అది నీ ఖాతాలో ఉంది గౌసియా, తండ్రి ఖాతాలో కాదు. నువ్వే సరిచేయాలి."

ఎలాగో మాత్రం ఆవిడ చెప్పలేదు. మధ్యాహ్నం గౌసియా ఆంటెరోకి క్షమాపణ చెప్పింది. ఆయన తనూ బూట్లు చేత్తో పట్టుకుని పోయాను కదా, తప్పులో సగం నాది, అన్నాడు. నోట్‌బుక్ తీసుకుని, పేజీ చివర తను ఉండనీ అన్న 'మాట నిలబెట్టుకోవడం' అనే అర్థం కింద పెన్నుతో ఒక గీత గీసి ఇచ్చాడు.

పిల్లలు పళ్ళు తోముకునే చోట మూడు నిమిషాల ఇసుక గడియారం ఒకటి ఉంటుంది, ప్లాస్టిక్‌ది, లోపల నీలం ఇసుక. గౌసియా దాన్ని తెచ్చి ఐలి ముందు నేల మీద పెట్టింది. తండ్రి బెంచీ మీదే ఉన్నాడు. గౌసియా మోకాళ్ళ మీద కూర్చుని, తనకొచ్చిన ఒక్క క్రియతో, వంటింటికి వెళ్ళాలి అని చెప్పింది. మినున్ పిత్యా మెన్న్యా. వెళ్ళాలి అని ఆపేస్తే సూర్యాపేట ఒప్పుకోదు గనక, తిరిగొస్తాను అనడానికి ఫిన్నిష్‌లో ఏమంటారో ఆంటెరోని అడిగి ఇంకో రెండు మాటలు అప్పు తెచ్చుకుని, దానికి తోక తగిలించింది: తులెన్ తకైసిన్. గడియారం తిరగేసి, వెళ్ళింది. వంటింట్లో ఏ పనీ లేదు. నూరు అంకెలు లెక్కపెట్టి వచ్చింది. ఇసుక ఇంకా మిగిలే ఉంది. ఐలి చూడనట్టు చూసింది.

ఆ రోజు పదకొండు సార్లు వెళ్ళి వచ్చింది. మర్నాడూ అంతే. వంటింటికి, తోటకి, చెప్పుల గదికి, మేడ మీదికి. ఎక్కడికెళ్ళినా చెప్పి వెళ్ళింది, ఇసుక అయ్యేలోపు వచ్చింది. ఒకసారి వీధి తలుపు దగ్గర పార్సెల్ తెచ్చినవాడు సంతకం కోసం నిలబెట్టేశాడు. ఇసుక అయిపోతోందని గౌసియా, సంతకం సగం పెట్టి, వాణ్ణి వానలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వాడు బేగం అనే పేరులో ఇంకా ఎన్ని అక్షరాలుంటాయోనని కాసేపు ఎదురుచూసి పోయాడు. మిగతా టీచర్లు నవ్వుకున్నారు. ఒక ఆడమనిషి వంటింటికీ గదికీ మధ్య ఇట్లా కాపలా తిరగడం వాళ్ళెప్పుడూ చూడలేదు. మూడో రోజు గౌసియా లోపలికొచ్చేసరికి ఐలి గడియారం ముందు బోర్లా పడుకుని ఇసుకను చూస్తోంది. గౌసియాని చూసి, గడియారాన్ని తనే తిరగేసి, తలుపు వైపు చూసింది. మళ్ళీ పో, అని. గౌసియా పోయింది, మళ్ళీ వచ్చింది.

ఆ తర్వాత ఆంటెరో వంతు. మూడు నిమిషాలు, చెప్పి. ఐలి ఏడ్చింది, ఏడుస్తూనే ఇసుకను చూసింది. ఇసుక అయిపోకముందే తలుపు తెరుచుకుంది. అట్లా ఆరు నిమిషాలైంది, పావుగంటైంది, శుక్రవారానికి గంటైంది. ఏడుపు రోజురోజుకూ చిన్నదైంది, పూర్తిగా పోలేదు. నవంబరు మొదటి సోమవారం మిగిలింది. ఆ రోజు గంట కాదు, మధ్యాహ్నం దాకా.

చేయూపే కిటికీ ఒకటుంది ఆ కీటాలో, చాలా కీటాల్లో ఉంటుంది. వీధి వైపు, కింద మెట్టున్న కిటికీ. వెళ్ళేవాళ్ళు వీధిలో దాని ముందు ఆగి చేయూపి వెళ్తారు. కాకిని చూపించిన కిటికీ కూడా అదే. సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆంటెరో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పనికి వెళ్ళాలని, నువ్వు అన్నం తిన్నాక తిరిగొస్తానని చెప్పాడు. నిలబడి, బూట్లు వేసుకుని, తలుపు చప్పుడయ్యేలా వేసి వెళ్ళాడు. ఐలి పెదవి వణికింది. గౌసియా ఏమీ చూపించలేదు, ఏమీ చెప్పలేదు. చేయి మాత్రం చాచి ఉంచింది.

ఐలి ఆ చేతిని చూసింది. పట్టుకోలేదు. తనే కిటికీ దగ్గరికి నడిచి మెట్టెక్కింది. కింద వీధిలో ఆంటెరో ఆగి, రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాడు. ఐలి ఊపడానికి చేయి ఎత్తింది, ఆ చేతిలో తొడుగుంది. ఇంకో చేతిలోకి మార్చుకుంది. అప్పుడా చేయి ఖాళీ లేదు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తొడుగును గౌసియా చేతిలో పెట్టి, "పిద్య," అంది, పట్టుకో అని. రెండు చేతులూ ఎత్తి ఊపడం మొదలుపెట్టింది.

గౌసియా పట్టుకుంది. ఆంటెరో వీధి మలుపు తిరిగేదాకా ఐలి ఊపుతూనే ఉంది. తర్వాత మెట్టు దిగి, బొమ్మల బుట్ట దగ్గరికి పోయింది. తొడుగు అడగలేదు. గౌసియా దాన్ని ఆప్రాన్ జేబులో పెట్టుకుని, పన్నెండున్నర దాకా గంటకోసారి చేయి పెట్టి చూసుకుంది, ఉందా లేదా అని. ఐలి అన్నం తినడం అయ్యాక ఆంటెరో వచ్చాడు, చెప్పినట్టే. ఐలి పరుగెత్తి ఆయన కాళ్ళను చుట్టేసింది. ఆ తర్వాత గౌసియా దగ్గరికొచ్చి తొడుగు తీసుకుంది. ఫ్రౌ షోర్ దూరం నుంచి చూసి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో గౌసియా అడగలేదు. తెలుసు.

మర్నాడు ఉదయం గౌసియా ఇంట్లో ఏడుంబావుకి సిద్ధమైంది. ఇల్మా స్నానాల గదిలో ఉంది, నీళ్ళ చప్పుడు. మామూలుగా అయితే ఆ చప్పుడు ఆగి, తడి జుట్టుతో పరుగెత్తుకొస్తుంది. ఆ రోజు గౌసియా చెప్పులు వేసుకుని, బ్యాగు భుజాన వేసుకుని, తలుపు తీసి, అక్కడే నిలబడింది. ట్రామ్ పోతుందని అజీజ్ వంటింట్లోంచి గుర్తుచేశాడు. గౌసియా కదల్లేదు. బయట జార్‌బాన్ ట్రామ్ గంట మోగించుకుంటూ పోయింది. కాసేపటికి నీళ్ళు ఆగాయి. ఇల్మా తువ్వాలు చుట్టుకుని కంగారుగా వచ్చి, తల్లి ఇంకా గడపలోనే ఉండటం చూసి ఆగిపోయింది.

"ట్రామ్ పోయింది అమ్మీ," అంది తెలుగులోనే.

"పోనీ," అంది గౌసియా. "ఇంకొకటొస్తది. నీకు చెప్పిపోదామని ఆగిన. నువ్వు ఉరికి రావద్దు ఇగ, నేనే చెప్పిపోత. పోయొస్త బిడ్డా."

ఇల్మా తడి జుట్టు వెనక్కి తోసుకుని, తల్లిని ఒక క్షణం చూసింది. సరే, పోయిరా, అంది. తలుపు దగ్గర నిలబడకుండా, జుట్టు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.